చిరుత ఒక్కపొద్దు

మీకు గిట్టని మనిషి ఏదో తప్పు చేసి దొరికిపోయాడని తెలిసినప్పుడు, నిజం చెప్పండి, మీకు ముందు కలిగేది బాధా, సంతోషమా?

నాకు సంతోషం కలిగింది. అది దాచుకుని ఈ వ్యాసం రాయలేను. ఆ మనిషి మా అన్న. ఇద్దరం ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళం. గిట్టదు అనే మాట కూడా పూర్తిగా సరికాదు. ఆయన మీద నాకున్నది అసూయ. ఎన్నో ఏళ్ళుగా నేను దానికి సిద్ధాంతం అని పేరు పెట్టుకుని మోశాను.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు పోయే దారిలో మా జూ ఉంది. నగరంలోని పెద్ద జూ చూసి వచ్చినవాళ్ళకు ఇది నవ్వు తెప్పిస్తుంది. గంటలో తిరిగేయవచ్చు. మొదట అదొక దొర తోట. దొరకు జింకల మీద మోజు. మా బాపు ఆ తోటకు నీళ్ళు పెట్టే జీతగాడు. దొర కుటుంబం నగరానికి వెళ్ళిపోయాక తోట సర్కారు చేతికి వచ్చింది. తోటతో జింకలు వచ్చాయి, జింకలతో బాపు వచ్చాడు.

ఆ తర్వాత అక్కడికి చేరిన జంతువులన్నీ ఎవరికో అక్కర్లేనివే. ఒక సర్కస్ మూతపడి వదిలేసిన రెండు ముసలి సింహాలు. వీధుల్లో ఆడించేవాళ్ళ దగ్గర పట్టుకున్న ఎలుగుబంటి. దాని ముక్కుకు తాడు దూర్చిన రంధ్రం చివరిదాకా అట్లాగే ఉండేది. మందుల కంపెనీలకు పునాదులు తవ్వుతుంటే బయటపడ్డ కొండచిలువలు. ఎవరి మేడ మీదో ముద్దుగా పెరిగి, పిల్లల్ని కొరకడం మొదలుపెట్టాక బహిష్కరణకు గురైన కోతి. అన్నిటికన్నా చివర వచ్చింది చిరుత. పొలంలోని బావిలో పడి వెనక కాలు విరగ్గొట్టుకుంది. కాలు అతికింది గాని వంకరగా అతికింది, ఇక అడవిలో బతకలేదన్నారు.

ఈ చరిత్ర ఎక్కడా రాసి లేదు. ఒకప్పుడు బాపు నోట్లో ఉండేది, ఇప్పుడు అన్న నోట్లో ఉంది. పుస్తకాలు రాసేవాణ్ణి నేను, చరిత్ర మాత్రం అన్న దగ్గర. ఈ పేరా రాయడానికి కూడా ఆయనకు రెండుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది.

మాంసం తినే జంతువుల బోనుల వెనక ఒక సన్నని నడవా ఉంటుంది. జనానికి కనబడదు. లోపలి గదుల తలుపులు అక్కడి నుంచే ఎత్తుతారు, దించుతారు. మా చిన్నప్పుడు బాపు అన్నను ఆ నడవాలోకి తీసుకుపోయేవాడు. నేను వెంటపడితే, "నువ్వొద్దు బిడ్డా, పోయి సదువుకో" అనేవాడు. బయట వేపచెట్టు కింద కూర్చుని లెక్కలు చేసేవాణ్ణి. లోపలినుంచి సింహం గుర్రుమన్న చప్పుడు, దాని వెంటే అన్న నవ్వు వినబడేవి. లెక్క తప్పేది. బాపు నన్ను ప్రేమించాడు కాబట్టే చదువుకోమన్నాడని ఇప్పుడు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ నవ్వు చెవిలోంచి పోదు.

నేను చదివాను. అల్వాల్‌లో రిటైరైన ఒక పంతులుగారు తన ఇంటి ముందుగదిలో చర్చలు నడిపేవారు. దేవుడు, దయ్యం, కులం, జాతకం, దేన్నీ వదిలేవాళ్ళం కాదు. వాదించడం అక్కడే నేర్చుకున్నాను. ఆయన పెట్టిన నియమం ఒకటుంది: ఎదుటివాడి వాదనను ముందు నువ్వు చెప్పాలి. 'అవును, నేననేది అదే' అని అతను ఒప్పుకోవాలి. ఆ తర్వాతే ఖండించడం మొదలుపెట్టాలి. ఆ నియమాన్ని నేను ఎన్నో సభల్లో ఇతరులకు బోధించాను.

అన్న పదో తరగతి తప్పి బాపు పనిలోకి వెళ్ళాడు. బాపు పోయాక ఆ నడవా పూర్తిగా ఆయనదే అయింది.

రెండేళ్ళ కిందట ఒక బడి నుంచి నాకు ఫోన్ వచ్చింది. కొత్త కాలనీల మధ్య పెట్టిన బడి అది. హెడ్మాస్టరు కోస్తా మనిషి, చాలా మర్యాదస్తుడు.

"సైన్సు గురించి మా పిల్లలకు ఒక మంచి ప్రసంగం ఇప్పించాలనుకుంటున్నామండి" అన్నారు.

"తప్పకుండా. ఎంతసేపు మాట్లాడమంటారు?" అన్నాను.



"అంటే... మీరు కాదండి. మీ అన్నగారు. ఆయన ఫోనెత్తట్లేదు. మీరు చెబితే వస్తారేమోనని..."

చెప్పాను. అన్న తెగ సిగ్గుపడ్డాడు. "నాకేమొస్తది తమ్మీ మాట్లాడుడు? కొండచిలువ ఇడిచిన కుబుసం ఒకటున్నది. అది వట్టుకపోయి సూపిస్త, గంతే" అన్నాడు. ఆ కుబుసంతో రెండు గంటలు పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టాడట. అదే వారం మూఢనమ్మకాల మీద అల్వాల్‌లో నా సభ జరిగింది. కుర్చీలు చాలా మిగిలిపోయాయి. ఆ రోజు గాలి జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి వీచింది, చెత్త వాసనకు జనం రాలేదని ఇంట్లో చెప్పాను. 

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. బడిలో 'నాకు నచ్చిన మనిషి' అని వ్యాసం రాయమంటే వాళ్ళ పెద్దబాపు మీద నాలుగు పేజీలు రాసింది. చివర నా గురించి రెండు వాక్యాలు ఉన్నాయి. "మా డాడీ కూడా మంచివాడే. ఆయన మాట్లాడుతాడు."

ఈ స్థితిలో ఉండగా ఒక శనివారం సాయంత్రం అమ్మాయిని తీసుకుని జూకు వెళ్ళాను. చిరుత బోను ముందు జాతరలా ఉంది. దేవరయాంజాల్ గుడికి పోయి అటునుంచి అటే వచ్చినవాళ్ళు, బొట్లతో, కొబ్బరి చిప్పలతో. చిరుత చెట్టు మొద్దు మీద పడుకుని తోక మాత్రం ఆడిస్తోంది. ఒక పెద్దామె దానికి రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"సూడే, నోరులేని జీవం ఒక్కపొద్దున్నది. నువ్వు పొద్దుగాల్నే రెండు దోసెలు మింగినవ్" అని పక్కనున్న కోడలితో అంటోంది.

"అది పొద్దంత పండుకుంటది అత్తమ్మా. నాకు వాకిలి ఊడ్సుడు కాడికెల్లి దోసెల దాంక అన్ని పనులే" అంది కోడలు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

కమ్మీల పక్కన ఖాకీ చొక్కాలో నిలబడి ఉన్నాడు అన్న. "అవునక్కా, ఇయ్యాల మా దానికి ఒక్కపొద్దు. ఏం ఎయ్యకుండ్రి. రేపొచ్చి సూడుండ్రి, ఎట్ల తింటదో" అంటున్నాడు. ఒకాయన బోను ముందు కొబ్బరికాయ కొట్టాడు. అన్న వద్దనలేదు.

నా ఒళ్ళు మండింది. పక్కకు పిలిచాను.

"ఏంది అన్నా ఇది? చిరుతకు ఉపాసమేంది?"

"శనివారం గదరా."

"శనివారమైతే ఏంది? ఎవరి కోసం?"

"దాని కోసమే" అని నవ్వాడు. "బాపు కాలం నుంచి నడుస్తాంది."

బాపు కాలం నుంచి! సతి నుంచి అంటరానితనం దాకా ప్రతి దురాచారాన్నీ వెనకేసుకొచ్చినవాళ్ళ నోట ఇదే మాట విన్నాను. ఆ ఒక్క మాటతో మా అన్న నాకు చిక్కాడు. 'ఎందుకు' అని ఇంకొక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. అడగలేదు. ఎందుకు అడగలేదో ఆ క్షణంలోనే నాకు తెలుసు. జవాబు బాగుంటే నా దగ్గర వ్యాసం ఉండదు.

ఇంటికి వచ్చి ఒక్క బిగిన రాసేశాను. నోరులేని జంతువును దేవుడి పేరుతో పస్తు పెట్టే హక్కు ఎవరిచ్చారు? సర్కారు జీతం తీసుకుంటూ సర్కారు బోనులో వ్రతాలు నడుపుతారా? వేడివేడిగా వచ్చాయి వాక్యాలు. మనిషి పేరు రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు. చిరుత దగ్గర పనిచేసేది ఒక్కడే. దాని నకలు ఒకటి జూ అధికారికి ఫిర్యాదుగా పంపాను. ఒక చిన్న పత్రిక వ్యాసాన్ని వేసింది. అక్కడినుంచి ఫోన్లలో పాకింది. నా సభలకు రాని మనుషులు కూడా ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆ వారం నేను తిన్న అన్నం ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

అధికారి కొత్తగా వచ్చాడు, గోలకు భయపడ్డాడు. జంతువుల డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆయన వచ్చి విచారణ తేలేదాకా మా అన్నను చిరుత దగ్గరికి వెళ్ళవద్దన్నారు. గేటు దగ్గర టికెట్లు చింపే పనిలో పెట్టారు. చిరుతకు వారంలో ఏడు రోజులూ మాంసం వేయాలని ఇంకొకతనికి ఉత్తర్వు ఇచ్చారు. అన్న నాకు ఫోన్ చేయలేదు. చేస్తాడని, తిడతాడని ఎదురుచూశాను. తిడితే నాకు బాగుండేది.

మూడో వారం విచారణకు నన్ను పిలిచారు. అధికారి గదిలో డాక్టరు, అన్న, నేను. డాక్టరు సంచీలోంచి ఒక అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. చిరుత బోను వెనక నడవాలో ఎన్నో ఏళ్ళుగా వేలాడుతున్న అట్ట అది. ఏ రోజు ఏం పెట్టాలో అందులో ఉంది. శనివారం ఎదురుగా గీత కొట్టి ఉంది. కింద డాక్టరు సంతకం.

"మాంసం తినే జంతువులకు వారానికొక రోజు తిండి ఆపుతాం. ఎన్నో జూలలో ఇదే పద్ధతి" అన్నాడు డాక్టరు నావైపు తిరిగి. "అడవిలో వాటికి రోజూ వేట దొరకదు కదా. బోనులో రోజూ మేపితే కడుపు చెడుతుంది, ఒళ్ళు పెరుగుతుంది. వంకర కాలున్న దీనికి బరువు పెరిగితే నడకే పోతుంది. ఈ మూడు వారాల్లో ఏమైందో చూశారా? విరేచనాలు. సగం మాంసం వదిలేస్తోంది. కొత్తతను పిలిస్తే లోపలి గదిలోకే రావడం లేదు. గదిలోకి వస్తే తప్ప నేను మందు ఎక్కించలేను."

 అప్పుడు కూడా నా నోట వచ్చింది వాదించేవాడి మాటే. "అయితే శనివారమే ఎందుకు?"

అన్న కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. "బాపుకు సదువు రాదు గద తమ్మీ. సింహాలొచ్చినప్పుడు పాత డాక్టరు వారంల ఒక దినం బంద్ జెయ్యుమన్నడు. బాపు శనివారం ఒక్కపొద్దుండెటోడు. తనకు లేని దినం వాటికి గూడ లేదు. గట్లయితే మరువడు గద."

"మరి జనానికి అట్లా ఎందుకు చెప్తున్నవ్? అరుగుదల కోసమని నిజం చెప్పొచ్చు కదా?"

"జెప్పిన. మస్తు దినాలు జెప్పిన. అయ్యో పాపం ఆకలైతాందేమో అని బిర్యానీ బొక్కలు ఏసెటోళ్ళు, బిస్కట్లు ఏసెటోళ్ళు. నువ్వు రాసిచ్చిన బోర్డు కిందనే నిలవడి ఏసెటోళ్ళు. ఒక్కపొద్దు అన్నంక ఒక్కడు ఎయ్యలే. ఒక్కపొద్దున్నోళ్ళకు ఎవలన్న తిండి వెడ్తరా?"

ఆ బోర్డు నేనే రాశాను. కొన్నేళ్ళ కిందట అన్నే అడిగి రాయించుకున్నాడు. జంతువులకు బయటి తిండి ఎందుకు పనికిరాదో పన్నెండు పంక్తుల్లో కారణాలతో సహా వివరించాను. దాన్ని ఎవరూ చదవలేదు. మా అన్న ఒక్క మాటతో సాధించాడు. నేనొక మనిషికీ ఒక జంతువుకూ అన్యాయం చేశానని తేలిన ఆ గదిలో కూడా నాకు ముందు కలిగింది ఏమిటో తెలుసా? మళ్ళీ అసూయే.

"ఇదంతా నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వడగలే" అన్నాడు. తర్వాత నన్ను ఓదార్చడానికన్నట్టు, "పేపర్ల సదివిన. మంచిగ రాసినవ్ తమ్మీ. నాకు రాదు గట్ల రాసుడు" అన్నాడు. వెటకారం కాదు. అది వెటకారమైతే తట్టుకునేవాణ్ణి.

అధికారి ఒక్కటే అడిగాడు. "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు మీరొక కాగితం రాసివ్వండి. ఇవాళే ఇస్తే రేపు పొద్దున్నే ఆయన్ని బోను దగ్గరికి పంపిస్తాను."

ఇంటికి వెళ్ళి రాసి పంపుతానన్నాను. రెండు రోజులు రాయలేదు.

ఆ ఫిర్యాదు కాదు, నా అసలు నేరం ఇది. అంతకుముందు నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు. తెలిసి కూడా రెండు రోజులు ఆ కాగితాన్ని దిద్దుతూ కూర్చున్నాను. జంతువు విషయంలో పొరపడ్డాను గాని, జనాన్ని భక్తి పేరుతో మభ్యపెట్టడం తప్పేనని ఒక పేరా చేర్చాను. అది తీసేసి మరోటి చేర్చాను. నా మాట ఎక్కడో ఒకచోట నిలవాలి. అది నిలిచేదాకా చిరుత అక్కడే, మందు లేకుండా.

రెండో రోజు అమ్మాయి స్నేహితురాలి కుటుంబంతో జూకు వెళ్ళి వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"డాడీ, పెద్దబాపు గేటు దగ్గర టికెట్లు చింపుతున్నడు. బోనుల గేటు దిక్కున్న మూల లేదా, చిరుత పొద్దంత గక్కడనే కూసుంటున్నదట. పెద్దబాపు గొంతు ఇనవడుతదని. అందుకే ఆయన ఊకె గట్టిగట్టిగ మాట్లాడుతున్నడు."

"ఎవరు చెప్పారు?"

"ఎవలు జెప్పలే. నేనే పెద్దబాపును అడిగిన, ఎందుకు గంత ఒర్రుతున్నవ్ అని."

తొమ్మిదేళ్ళ పిల్ల అడగగలిగింది. నేను రాసిన కాగితం చించేశాను. 'నా ఫిర్యాదు తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను' అని ఒక్క వాక్యం రాసి, నేనే తీసుకుపోయి ఇచ్చాను.

మర్నాడు పొద్దున అన్న నన్ను నడవాలోకి రమ్మన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. తడి సిమెంటు, ఫినాయిల్, పచ్చి మాంసం కలిసిన వాసన. ఆయన ఇనుప తలుపును రెండుసార్లు వేళ్ళతో కొట్టి, "దా బిడ్డా" అన్నాడు. బాపు నన్ను పిలిచిన పిలుపే. చిరుత వంకర కాలు ఈడ్చుకుంటూ లోపలికి వచ్చింది, డొక్కలు కనబడుతున్నాయి. నావైపు చూడనైనా చూడలేదు. డాక్టరు మందు ఎక్కించాడు. గోడకు నా వీపు ఆనించి నిలబడ్డాను. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, వేపచెట్టు కింద లెక్కలు చేసుకునే పిల్లవాడిలా కుళ్ళుకున్నాను.

పత్రికవాళ్ళు నా సవరణ వేయలేదు. అందులో వార్త ఏముంది సార్ అన్నారు. అందుకే తర్వాతి శనివారం బోను ముందే నిలబడి, ఉన్న నలుగురికీ గట్టిగా చెప్పాను. ఇది దేవుడి కోసం కాదు, అరుగుదల కోసం, నేను తెలియక తప్పు రాశాను అని. ఒకామె సంచీ చంకన సర్దుకుంటూ, "మాది గూడ గంతే గద సారూ. శనివారముంటే కడుపు అల్కగైతది" అంది. అందరూ నవ్వారు, అందరికన్నా ఎక్కువ మా అన్న. కొబ్బరికాయలు మాత్రం మాన్పించాలని ఆయనతో ఇప్పటికీ కొట్లాడుతున్నాను. "చీమలతోని నాకు గూడ పరేషానే" అంటున్నాడు. ఆ ఒక్క వాదనలో గెలిచేలా ఉన్నాను.

నా అసూయ పోయిందా? పోలేదు. మొన్న కూడా ఒక బడి నుంచి ఫోన్ వస్తే ఆయన కోసమేమోనని ముందే మూతి ముడిచాను. కాని దానికి సిద్ధాంతం అనే చొక్కా మళ్ళీ తొడగను.

ఇక మీ సంగతి. మీ ఫోన్‌లో ఇప్పుడు ఎవరి మీదో సగం రాసి పెట్టుకున్న ఫిర్యాదు ఉండే ఉంటుంది. పక్కింటామె మీదనో, తోటి ఉద్యోగి మీదనో, తోడబుట్టినవాడి మీదనో. మూఢత్వాన్ని క్షమించమని నేను చెప్పడం లేదు, ఎన్నడూ చెప్పను. కాని ఆ ఫిర్యాదును పంపకండి. ముందు లేవండి. ఆ మనిషి దగ్గరికి నడిచి వెళ్ళండి. 'ఎందుకు ఇట్లా చేస్తున్నావు' అని నోరు తెరిచి అడగండి. జవాబు పూర్తయ్యేదాకా నిలబడండి. ఈ రోజే వెళ్ళండి.